మధ్యాహ్నం దాకా పొగ

ఆకలి మీదున్నవాడికి రొట్టె అమ్మడం ఎవరికైనా చేతనవుతుంది. హోదాలో ఉన్న మనిషి చేత అతని తప్పును కొనిపించడమే కష్టం. 1864 వసంతంలో నేను ఆ రెండో బేరం కూడా చేశాను. అందులో త్రాసులో పెట్టింది నా మొగుడి మెడ.

వర్జీనియాలో రాపిడాన్ నదికి దక్షిణపు ఒడ్డున, హాలోవెల్ రేవులో ఉండేది నా ఇల్లు. అవతలి ఒడ్డున ఉత్తరాది సైన్యం. ఇవతల, మా గుట్ట వెనక అడవిలో, దక్షిణాది జనరల్ క్రెన్‌షా దళం గుడిసెలు వేసుకుని చలికాలం గడిపింది. మూడు డివిజన్లు, పద్నాలుగు వేల మంది. కిందటి వేసవిలో పెన్సిల్వేనియా మీదికి వెళ్ళినప్పుడు ఇరవై ఆరు వేల మందిమి అని సిపాయిలు చెప్పుకునేవారు. మిగతా పన్నెండు వేల మంది సంగతి ఎత్తితే తినడం ఆపేసేవారు. అందుకని ఎత్తేదాన్ని కాదు.

ఆ జనరల్‌కి సిపాయిలు పెట్టుకున్న పేరు గంజి దొర. తుపాకి గుళ్ళ వాన కురుస్తున్నా సరే, రోజూ గంజిపెట్టి ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా ఉండాలి ఆయనకి. వాటిని ఉతికేది నేనే. "మా కడుపులోకి రావాల్సిన పిండి ఆయన కాలర్లోకి పోతోంది అత్తా" అని గొణిగేవారు. కాని ఆయన గుర్రం కనబడితే టోపీలు తీసేవారు. పారిపోయి దొరికిన వాళ్ళని ఆ చలికాలం ఏడుగురిని కాల్పించాడు. ఏడుసార్లూ ముఖం తిప్పుకోకుండా నిలబడి చూశాడు. అలాంటి మనిషికి భయపడాలి. కాని అలాంటి మనిషికి నిజం చెప్పి చూడొచ్చు కూడా.

వయసొచ్చిన నల్ల ఆడదాన్ని తెల్లవాళ్ళు అత్తా అనే పిలుస్తారు. అత్తకి ఇవ్వాల్సిన మర్యాద మాత్రం ఇవ్వరు. నా పేరు కెజయా బండీ. పుట్టుకతోనే నేను ఎవరి సొత్తూ కాదు. ఆ మాట కోర్టు ముద్రతో ఉన్న కాగితం జాకెట్టులో పెట్టుకుని తిరిగేదాన్ని. నన్ను కిజ్జీ అని పిలిచే నా మొగుడు ఐషమ్‌కి కాగితం లేదు. అతను మిల్లు నడిపే పెటస్ దొర సొత్తు. పెటస్ అతన్ని జనరల్ గారి వంటకి అద్దెకిచ్చాడు. అద్దె పెటస్‌ది, చాకిరీ ఐషమ్‌ది. ఆదివారం మధ్యాహ్నం నుంచి చీకటిపడే దాకా నా మొగుడు నావాడు.

చొక్కాలు కాక నా అసలు వ్యాపారం రొట్టెలు. ఎండు ఆపిల్ ముక్కలు బెల్లప్పాకంలో ఉడికించి, ఆ పూర్ణం పెట్టి పెరట్లో ఇటుకల పొయ్యిలో కాల్చేదాన్ని. తెల్లవారుజామున పొయ్యి వెలిగిస్తే పొగ నదికి అవతల దాకా కనబడేది. పొద్దెక్కేసరికి రోడ్డు పక్కన బల్ల వేసుకుని కూర్చునేదాన్ని.

"అత్తా, ఈ రొట్టెలో ఆపిల్ ఎక్కడుంది?" అన్నాడొకసారి జార్జియా కుర్రవాడొకడు, సగం నమిలి.

"ముందు డివిజన్‌లో ఉంది నాయనా. నువ్వింకా వెనక డివిజన్ దగ్గరే ఉన్నావు."

అందరూ నవ్వారు. అతను ఇంకొకటి కొన్నాడు.

ఏప్రిల్ మొదటి వారంలో కెప్టెన్ ప్రూయిట్ బల్ల దగ్గరికొచ్చాడు. దళంలో దొంగల్నీ, పారిపోయేవాళ్ళనీ, గూఢచారుల్నీ పట్టుకునే పని అతనిది. ఒక రొట్టె కొన్నాడు. తినలేదు. రుమాల్లో చుట్టి జేబులో పెట్టుకున్నాడు. కొని తిననివాడు వేరే సరుకు కోసం వచ్చాడని లెక్క.

"ఆదివారం తప్ప రోజూ పొయ్యి వెలిగిస్తావా అత్తా?"

"వెలిగిస్తాను దొరా."

"జబ్బు చేస్తేనో?"

"నాకు జబ్బు చెయ్యదు దొరా."

"మరి నవంబరు తొమ్మిదిన ఎందుకు వెలిగించలేదు?"

నేను బల్ల తుడిచాను. తుడవడానికి దాని మీద ఏమీ లేదు.

"ఫిబ్రవరి పదమూడున కూడా వెలిగించలేదు," అన్నాడు. గొంతు పెంచలేదు. "సరిగ్గా ఆ రెండు రోజులే మా దళం కదిలింది. రెండుసార్లూ మేం వెళ్ళేసరికి అవతలివాళ్ళు ఫిరంగులు పెట్టుకుని మాకోసం కూర్చున్నారు. నవంబరులో నాలుగు వందల మందిని పూడ్చాం. మా సిపాయిలకి ముందు రోజు సాయంత్రం, మూడు రోజుల తిండి వండుకోమన్నాకే తెలిసింది. నువ్వు ఆ మధ్యాహ్నమే పిండి కలపడం మానేశావు. ఎలా తెలిసింది నీకు?"

"నడుం పట్టేసింది దొరా."

"జబ్బు చెయ్యదన్నావుగా."

ముప్పై ఏళ్ళు బేరాలాడిన నోరు అలా జారింది. అతను టోపీ సర్దుకున్నాడు.

"నీ మొగుడు జనరల్ గారి వంటింట్లో ఉంటాడు కదూ? చెవులు బాగా పనిచేస్తాయా అతనికి?"

ఆ సాయంత్రానికి ఐషమ్‌ని కట్టేశారు.

నాకు ఎలా తెలిసిందో చెబుతాను. అందులో ఐషమ్ మాట ఒక్కటీ లేదు. నేను ఉతికే చొక్కాలు రెండు రోజులకి ఆరి, మూడో రోజు ఇస్త్రీ అయి వెళ్ళేవి. ఆ రెండుసార్లు మాత్రం జనరల్ గారి బంట్రోతు కాప్ మధ్యలో పరిగెత్తుకుంటూ వచ్చాడు. "ఆరినా ఆరకపోయినా ఇచ్చెయ్యి అత్తా, ఇప్పుడే కావాలి" అన్నాడు. తడి చొక్కాలు మూటకట్టి తీసుకెళ్ళే మనిషి రేపు ఆ ఊళ్ళో ఉండడు. పద్నాలుగు వేల నోళ్ళు రేపు ఉండవని తెలిశాక ఎవరికోసం కాల్చను రొట్టెలు? అంతే. పిండి దాచుకున్నాను. పొయ్యి వెలిగించలేదు. ఆ వెలగని పొయ్యి అవతలి ఒడ్డువాళ్ళకి గంట కొట్టినట్టు వినబడుతుందని నాకు తట్టలేదు.

ఇది కెప్టెన్‌కి చెప్పొచ్చు. కాని అతను వింటే "జనరల్ గారి చొక్కా వల్లే నాలుగు వందల మంది చచ్చారు" అన్నట్టు వినబడుతుంది. ఆ మాట నల్లదాని నోటినుంచి వచ్చిందంటే దాన్ని అతను పైకి మొయ్యడు. అక్కడే పాతిపెడతాడు, మమ్మల్ని కూడా కలిపి.

ఇంకొక సంగతుంది. ఐషమ్ మీద నాకూ అనుమానం ఉంది.

జనరల్ గారి మకాం గుట్ట మీద, పైన్ చెట్ల మధ్య ఇసుక నేల. మార్చిలో రెండు ఆదివారాలు ఐషమ్ చెప్పులకి నది ఒడ్డు ఎర్రబంక అంటుకుని వచ్చింది. నేనే గోకి శుభ్రం చేశాను. అడగలేదు. అతను చెప్పలేదు. వంట గదిలో దొరల మాటలు వినేవాడికి నది దగ్గర ఏం పని? పదకొండేళ్ళ కాపురంలో మొదటిసారి అతను తింటున్నప్పుడు ముఖం వైపు కాకుండా చేతుల వైపు చూశాను.

అతన్ని ఉంచిన గుడారం దగ్గర కాపలా సార్జంట్ మేబ్రీ. టెన్నెసీ ముసలాయన, నా దగ్గర రోజూ కొనేవాడు.

"రొట్టెలో ఇనుము కోసే ఆకురాయి ఏమీ పెట్టలేదు కదా అత్తా?"

"ఆకురాయి ధర ఎంతుందో తెలుసా సార్జంట్ దొరా? ఇనుము పెట్టి అమ్మితే నేను మునిగిపోతాను."

"పో, కాసేపే," అని అటు తిరిగి నిలబడ్డాడు.

ఐషమ్ చేతులు ముందుకి కట్టి ఉన్నాయి. రొట్టె రెండు చేతులతో పట్టుకుని తిన్నాడు. పై పెదవి చిట్లింది.

"ఏం చెప్పావు వాళ్ళకి?" అన్నాను.

"చెప్పడానికేముంది? ఏమీ తెలియదన్నాను. తెలియదన్నకొద్దీ తెలుసనుకుంటున్నారు."

"చెప్పులకి ఎర్రబంక ఎలా వచ్చింది?"

నమలడం ఆపాడు. "చూశావా?"

"గోకింది నేనే."

"మరి అప్పుడే అడగొచ్చుగా."

"నువ్వు చెప్పొచ్చుగా."

బయట సార్జంట్ దగ్గాడు. ఐషమ్ గొంతు తగ్గించాడు. "పెటస్ నన్ను అమ్మేస్తున్నాడు కిజ్జీ. మే నెలాఖరుకి రిచ్‌మండ్ వేలంలో. మిల్లులో గుమాస్తా చెప్పాడు. నది ఎక్కడ దాటడానికి వీలో చూసుకుంటున్నాను. నేను ఎవరికీ ఏ కబురూ మొయ్యలేదు. దాటిపోదామనుకున్నాను, అంతే."

"నేనో?"

"నీకు కాగితముంది. ఇల్లుంది. నీకు ముందే తెలిస్తే, వాళ్ళొచ్చి అడిగినప్పుడు నీ ముఖం చెప్పేస్తుంది."

"నా ముఖమా? నా ముఖం చూసి ఇంతవరకూ ఎవడూ రొట్టె ధర తగ్గించలేకపోయాడు."

అతను నవ్వబోయాడు. పెదవి నొప్పెట్టింది. నాకు నవ్వు రాలేదు. గూఢచారి కాదని తేలినందుకు గుండె తేలిక కావాలి. కాలేదు. చెప్పకుండా పోదామనుకున్న మాట అక్కడ వచ్చి కూర్చుంది.

మర్నాడు పొద్దున్నే ఇస్త్రీ చొక్కాలు కాప్ చేతికివ్వకుండా నేనే తీసుకెళ్ళాను. "కాలర్ కొలత మారింది, జనరల్ గారిని అడగాలి" అంటే కాప్ లోపలికి పంపించాడు. జనరల్ క్రెన్‌షా బల్ల ముందు పటం పరుచుకుని ఉన్నాడు. పక్కన కెప్టెన్ ప్రూయిట్. నన్ను చూసి అతని చెయ్యి జేబు దగ్గరికి వెళ్ళింది. రుమాల్లో చుట్టిన రొట్టె గుర్తొచ్చింది నాకు.

ఏ సరుకైనా అమ్మేటప్పుడు ముందు దాని లోపం మనమే చూపించాలి. అప్పుడు కొనేవాడు రెండోవైపు తిప్పి చూస్తాడు.

"తప్పు నా పొయ్యిది జనరల్ దొరా," అన్నాను. "కెప్టెన్ దొర కనిపెట్టింది నిజమే. రెండుసార్లు వెలిగించలేదు. మీరు వెళ్ళిపోతే రొట్టెలు మిగిలిపోతాయని పిండికి ఆశపడ్డాను. అవతలివాళ్ళు చూస్తారని తట్టలేదు."

"మేం వెళ్ళిపోతున్నామని నీకెవరు చెప్పారు?" అన్నాడు జనరల్. గొంతు మెత్తగానే ఉంది.

"ఎవరూ చెప్పలేదు దొరా."

"ఐషమ్ చెప్పాడు," అన్నాడు కెప్టెన్.

"ఐషమ్ ఆదివారం తప్ప ఇంటికి రాడు దొరా. నవంబరు తొమ్మిది సోమవారం. అంతకుముందు ఆదివారం మీరు ఇక్కడ విందు చేశారు, అతను ఇంటికే రాలేదు. కాప్ గారిని అడగండి."

"మరెలా తెలిసింది?"

చేతిలో చొక్కాలున్నాయి. పైది తీసి బల్ల మీద పెట్టాను. రెండోది పెట్టాను. "ఇవి ఆరి, ఇస్త్రీ అయి వచ్చాయి దొరా. ఎప్పుడూ ఇలాగే వస్తాయి," అన్నాను. అక్కడ ఆగాను.

జనరల్ చొక్కా వైపు చూశాడు. తర్వాత కాప్ నిలబడ్డ గుమ్మం వైపు చూశాడు. కుడిచేతి వేళ్ళతో ఎడమచేతి కఫ్ పట్టుకుని, గంజి ఎంత గట్టిగా ఉందో చూస్తున్నట్టు, కాసేపు అలాగే ఉన్నాడు. కెప్టెన్‌కి అర్థం కాలేదు. అతను ఏదో అనబోతే జనరల్ చెయ్యెత్తాడు.

"ఎన్నిసార్లు తడిగా వచ్చాయి?"

"రెండుసార్లు దొరా."

"నవంబరులో, ఫిబ్రవరిలో."

"అవును దొరా."

కెప్టెన్ ముఖం ఎర్రబడింది. జనరల్ ముఖంలో ఏ మార్పూ లేదు. నాలుగు వందల మందినీ అక్కడే నిలబెట్టి చూస్తున్నాడేమో నాకు తెలియదు. కాసేపటికి పటం మీదికి వంగాడు. "అయితే ఆ పొయ్యి ఇప్పటిదాకా వాళ్ళ పని చేసింది. ఇకనుంచి మన పని చేస్తుంది," అన్నాడు. "మేం కదిలే రోజు నువ్వు ఎప్పటిలాగే పొయ్యి వెలిగిస్తావు. పొగ చూసి మేం ఇక్కడే ఉన్నామనుకుంటారు."

"ఈ మాటల్ని నేను నమ్మను సర్," అన్నాడు కెప్టెన్. "ఇద్దరూ కలిసి అల్లిన కథ అయ్యుండొచ్చు. అతను నా దగ్గరే ఉండాలి."

"ఉంచుకో. మేం వాళ్ళకి కనబడకుండా అనుకున్న చోటికి చేరితే వంటవాణ్ణి పెటస్‌కి అప్పజెబుదాం. చేరకపోతే నీ పని నువ్వు చెయ్యి."

బేరం కుదిరిందని చెప్పడానికి ఆయన చొక్కాలు తన వైపు లాక్కున్నాడు. నేను బయటికొచ్చాను. ఐషమ్‌ని నాకిస్తామని ఎవరూ అనలేదు. పెటస్‌కి అన్నారు. పెటస్ చేతికిస్తే మే నెలాఖరుకి రిచ్‌మండ్ వేలం.

ఆ తర్వాత నెల రోజులు నేను రొట్టెలు అమ్ముతూ ప్రతి ముఖాన్నీ తడిమి చూశాను. మేబ్రీ ఎక్కువ మాట్లాడితే ఎందుకని, తక్కువ మాట్లాడితే ఎందుకని. కాప్ చొక్కాలు తీసుకుంటూ ఒక రోజు నవ్వాడు. ఆ నవ్వు రాత్రంతా నమిలాను. పెటస్ ఒకసారి బండి ఆపి, "మీవాడు బరువు తగ్గలేదు కదా?" అని అడిగాడు. కోడి సంగతి అడిగినట్టే అడిగాడు. కెప్టెన్ ప్రతి మంగళవారం వచ్చి ఒక రొట్టె కొనేవాడు. తినేవాడు కాదు.

మే మూడో తేదీ మధ్యాహ్నం కాప్ వచ్చాడు. "ఆరినా ఆరకపోయినా ఇచ్చెయ్యి అత్తా." తడి మూట అతని చేతికిచ్చి కట్టెలు చీల్చడానికి వెళ్ళాను.

మర్నాడు తెల్లవారుతుండగా దళం గుట్ట వెనకనుంచి కదిలింది. డప్పులు లేవు. చక్రాలకి గోనెలు చుట్టారు. కెప్టెన్ ప్రూయిట్ గుర్రం దిగి నా పెరట్లోకి వచ్చాడు. వెనక మేబ్రీ.

"వెలిగించు," అన్నాడు కెప్టెన్.

ఓక్ కట్టెలు పేర్చి వెలిగించాను. పొగ లేచింది. అతను అవతలి ఒడ్డు చూశాడు, పొగ చూశాడు, తృప్తిపడ్డాడు.

"ఇది ఆగకూడదు. మధ్యాహ్నం దాకా పొగ రావాలి."

ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఇటుకల పొయ్యిలో మంట గంటకి మించి ఉండదు. ఇటుకలు కాగాక నిప్పులన్నీ బయటికి లాగేసి, తడి చీపురుతో బూడిద ఊడ్చి, రొట్టెలు లోపల పెట్టి మూత వేస్తారు. ఇటుకల వేడికే కాలుతాయి. రొట్టె కాలుతున్నప్పుడు పొగే ఉండదు. నా పొయ్యి పొద్దు పొడిచాక ఎన్నడూ పొగ పెట్టలేదు. చలికాలమంతా దాన్ని చూసినవాడెవడికైనా, మధ్యాహ్నం దాకా పొగ వస్తే, అక్కడ రొట్టెలు కాలడం లేదని తెలిసిపోతుంది. కెప్టెన్ రొట్టెలు కొన్నాడు గాని, జన్మలో కాల్చలేదు.

చెప్పొచ్చు. "గంట చాలు దొరా" అంటే సరిపోయేది.

అలా చెబితే దళం కనబడకుండా చేరుతుంది. ఐషమ్ బతుకుతాడు, నెలాఖరుకి అమ్ముడుపోతాడు. దళం గెలుస్తుంది, ఇంకో ఏడాది, ఇంకో రెండేళ్ళు ఇలాంటి వేలాలు జరుగుతాయి. చెప్పకపోతే దళం దెబ్బతినొచ్చు. కెప్టెన్ ఐషమ్‌ని ఉరితీయొచ్చు. కాని గెలిచిన సైన్యానికి ఉరితాడు పేనుకునే తీరిక ఉంటుంది, ఓడినదానికి ఉండదు. సగం సగం అనిపించింది. అంతకన్నా మంచి బేరం ఆ పొద్దున నాకు ఎవరూ చెప్పలేదు.

"మధ్యాహ్నం దాకానా కెప్టెన్ దొరా?" అన్నాను, మేబ్రీకి వినబడేలా.

"చెవుడా నీకు? మధ్యాహ్నం దాకా అన్నాను."

"సరే దొరా."

వాళ్ళు వెళ్ళారు. వెళుతూ మేబ్రీ ఒకసారి వెనక్కి తిరిగి పొయ్యి వైపు చూశాడు. టెన్నెసీలో అతనికీ పొయ్యి ఉండే ఉంటుంది. ఏమీ అనలేదు. ఎందుకు అనలేదో ఇప్పటికీ నాకు తెలియదు. నేను కట్టెలు వేస్తూ కూర్చున్నాను.

పదకొండు గంటలకి ఫిరంగులు వినబడ్డాయి. రెండు రోజులు ఆగలేదు. మొదటి రోజు సాయంత్రం నుంచే బళ్ళు వెనక్కి రావడం మొదలైంది. ముందు డివిజన్ అడవి అంచుకి చేరేసరికి చెట్లు నరికి అడ్డంగా పేర్చుకుని, వాటి వెనక తుపాకులతో కూర్చున్నారట అవతలివాళ్ళు. ఒక బండిలో ఆ జార్జియా కుర్రవాడు కనబడ్డాడు. నన్ను చూసి కళ్ళు ఎత్తాడు గాని గుర్తుపట్టలేదు. నేను నీళ్ళు పట్టించాను. పోసింది నేనే, ఆ మంట పెట్టిందీ నేనే అని తెలిసే పట్టించాను.

మూడో రోజు పొద్దున ఐషమ్ నడుచుకుంటూ వచ్చాడు. మణికట్లకి తాడు పుళ్ళు, మెడ శుభ్రంగా ఉంది. గుమ్మంలో కూర్చున్నాడు. నీళ్ళు తాగాడు.

"ఎలా వదిలారు?"

"రెండో రోజు గంజి దొర కాఫీ అడిగాడు. కాచేవాడు లేడు. వంటవాణ్ణి విప్పండి అన్నాడు. కాచాను. తాగాడు. మళ్ళీ కట్టడానికి కెప్టెన్ లేడు. భుజంలో గుండు దిగిందట, బండెక్కించారు. సాయంత్రం సామాను బళ్ళు వెనక్కి తిప్పుతున్న గోలలో నేను కట్టెలకి వెళ్ళాను. ఇంకా కట్టెలు తెస్తూనే ఉన్నాను."

నేను మొక్కజొన్న రొట్టె పెట్టాను. తినలేదు.

"ఆ పొద్దున బండి వెనక చక్రానికి కట్టేసి నడిపించారు నన్ను," అన్నాడు. "గుట్ట ఎక్కుతుంటే వెనక్కి చూశాను. నీ పొగ కనబడింది. సరే అనుకున్నాను. గంట అయింది. ఇంకా పొగ. రెండు గంటలైంది. ఇంకా పొగే. నీ పొయ్యి పదకొండేళ్ళుగా చూస్తున్నాను కిజ్జీ."

"మధ్యాహ్నం దాకా పెట్టమన్నాడు."

"నువ్వు చెప్పొచ్చు."

"చెప్పొచ్చు."

"ఎంతకి చూసుకున్నావు? నేను బతకడానికి?"

అబద్ధం ఆడొచ్చు. "సగానికి," అన్నాను.

"సగానికి అమ్మేశావన్నమాట."

"పెటస్ మొత్తానికే అమ్మేవాడు."

అతను లేచి, "కావలసినవి మూటకట్టు. నదికి ఎగువన రెండు మైళ్ళలో మోకాలు లోతు చోటుంది," అన్నాడు. ఇల్లు, పొయ్యి, బల్ల వదిలేసి పిండి గోనె, ఇస్త్రీపెట్టె, కాగితం పట్టుకున్నాను.

అవతలి ఒడ్డున మమ్మల్ని ఆపిన కాపలావాడు ముసలి సిపాయి. వెర్మాంట్‌లో చెప్పులు కుట్టేవాడట. దొరా అంటే ఇబ్బందిపడ్డాడు. "నన్నట్లా పిలవకమ్మా, మా ఆవిడ వింటే నవ్వుతుంది" అని చెరో లోటా కాఫీ పోశాడు. నిజమైన కాఫీ. మూడేళ్ళ తర్వాత తాగాను.

అడగకుండా ఉండలేకపోయాను. "ఆ ఒడ్డున గుట్ట కింద ఒక పొయ్యి పొగ వచ్చేది, రోజూ తెల్లవారుజామున. మీవాళ్ళు గమనించేవారా?"

"పొగా?" అతను ఆలోచించాడు. "ఆ ఒడ్డున పద్నాలుగు వేల మంది వంటలు చేసుకుంటుంటే ఏ పొగ ఎవరిదో ఎవడికి తెలుస్తుందమ్మా?"

"మరి వాళ్ళు కదులుతున్నారని మీకు ఎలా తెలిసేది?"

"వాళ్ళే చెప్పేవారు."

ఐషమ్ లోటా దించాడు.

"ఆ ఒడ్డు కాపలావాళ్ళకీ ఈ ఒడ్డు కాపలావాళ్ళకీ బేరం ఉండేది," అన్నాడు ముసలాయన. "రోజూ పొద్దున నది మధ్య ఇసుకదిబ్బ దగ్గర వాళ్ళు పొగాకు తెచ్చేవారు, మేం కాఫీ ఇచ్చేవాళ్ళం. ఎప్పుడు కదిలినా ముందు రోజు సాయంత్రం ఒడ్డునుంచి కేకేసేవారు. 'రేపు రాలేం, మూడు రోజుల తిండి వండమన్నారు, మాకోసం చల్లటి నీళ్ళలో నిలబడకండి' అని. మర్యాదస్తులు. నవంబరులో చెప్పారు. ఫిబ్రవరిలో చెప్పారు."

"మొన్న?"

"మొన్న కూడా. మా సార్జంట్ ఆ మాట పైకి పంపించాడు. నాకైతే సిగ్గేసింది."

బేరం ఉన్నవాణ్ణి ఊరికే ఎదురుచూడనివ్వకూడదు. ఆ సిపాయిల స్థానంలో ఉంటే నేనూ అలాగే కేకేసేదాన్ని. ఆ మాట నాలో నేనే అనుకుని కాఫీ ముగించాను. ఐషమ్ ముగించలేదు. మిగిలింది గడ్డి మీద పారబోసి, లోటా తిరిగిచ్చి, పిండి గోనె భుజానికెత్తుకుని నడిచాడు. నేను అందుకున్నాను.

"నువ్వు గంటలో ఆర్పినా ఇదే జరిగేది," అన్నాడు.

"అవును."

"నన్ను మాత్రం ఊరికే త్రాసులో పెట్టావు."

"నువ్వు నాకు చెప్పకుండా పోదామనుకున్నావు."

"అది వేరు."

"వేరే," అన్నాను. వేరే అని నాకూ తెలుసు. తర్వాత నాలుగు మైళ్ళు అతను ముందు, నేను వెనక.

పారిపోయి వచ్చిన నల్లవాళ్ళ కోసం ఉత్తరాది సైన్యం గుడారాలు వేసిన చోట వరుస కట్టి ఉన్నారు. చెట్టు కింద పెట్టె మీద కూర్చుని ఒక గుమాస్తా పేర్లు రాసుకుంటున్నాడు. నా కాగితం చూసి, కెజయా బండీ అని రాసుకున్నాడు. తర్వాత ఐషమ్ వైపు చూశాడు.

"పేరు?"

"ఐషమ్."

"ఇంటి పేరు?"

ఆ మాట ఇంతవరకూ ఎవరూ అడగలేదు ఐషమ్‌ని.

"యజమాని పేరేంటి? చాలామంది అదే రాయిస్తారు."

"అది వద్దు."

గుమాస్తా కలం పట్టుకుని ఆగాడు. వెనకవాళ్ళు తోస్తున్నారు. ఐషమ్ నా వైపు తిరిగి, కొత్త సరుకుని చూసినట్టు, పైనుంచి కిందికి చూశాడు. నేను చూపు తిప్పుకోలేదు, సాయంగా ఒక్క మాటా అనలేదు.

"బండీ," అన్నాడు గుమాస్తాతో. "ప్రస్తుతానికి అలా రాయండి."